టోక్యో చెర్రీ పూలు చూడటానికి ఏ తేదీలు నమ్ముకోవాలి, ఏ పార్కుకు వెళ్ళాలి?

బ్రాడీపేట_రామం
మా అమ్మాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటోంది. వచ్చే వసంతంలో మేమిద్దరం తప్పక రావాలని, చెర్రీ పూలు విరగబూసిన పార్కులో వాళ్ళమ్మను ఒక పూటంతా కూర్చోబెట్టాలని దాని కోరిక. విమానం టికెట్ల దగ్గరే మా ఇంట్లో చర్చ ఆగిపోయింది. మార్చి మూడో వారంలో వెళితే ఖర్చు తక్కువ, ఏప్రిల్ మొదటి వారంలో అయితే బాగా ఎక్కువ, అమ్మాయికి సెలవు దొరికేది మాత్రం ఏదో ఒక వారమే. ఒక ట్రావెల్ ఏజెంటు మార్చి 20కి వెళితే పూలు ఖాయమని ధీమాగా చెబుతున్నారు, మరొకరు ఏప్రిల్ 5 దాకా ఆగమంటున్నారు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి, జనం తోసుకునే చోట నిలబడలేదు. పైగా మేము శాకాహారులం. అక్కడ ఉంటున్నవారో, చూసి వచ్చినవారో వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

టోక్యోలో_తెనాలమ్మాయి
రామం గారూ, ఆ ఏజెంట్లలో ఎవరి మాటా పట్టించుకోకండి. పూత తేదీని ఇన్ని నెలల ముందు ఖాయంగా చెప్పగలవారు జపాన్‌లోనే లేరు. ఇక్కడి వాతావరణ శాఖ వారు యాసుకుని మందిరం ఆవరణలోని ఒక చెట్టును ప్రమాణంగా పెట్టుకుని, దాని మీద ఐదారు పూలు విచ్చుకోగానే టోక్యోలో పూత మొదలైందని ప్రకటిస్తారు. 80 శాతం మొగ్గలు విచ్చుకుంటే నిండుపూత వచ్చినట్టు. 1991 నుంచి 2020 వరకు తీసిన సగటు ప్రకారం పూత మొదలయ్యేది మార్చి 24న, నిండేది మార్చి 31న.

ఆ సగటు వినడానికి బాగానే ఉంటుంది కానీ ఏటేటా తేడా చాలా ఎక్కువ. 2023లో మార్చి 14కే పూత మొదలై, 22 నాటికి నిండిపోయింది. మరుసటి ఏడాది మార్చి 29 దాకా పూత మొదలు కానే లేదు, నిండుపూత ఏప్రిల్ 4న వచ్చింది. అంటే 2024 మార్చి 20కి వచ్చినవారు మొగ్గలు చూసుకుని వెళ్ళారు. 2023 ఏప్రిల్ 5కి వచ్చినవారు ఎక్కువ చెట్ల మీద లేతాకులు చూశారు. మీ ఇద్దరు ఏజెంట్లూ తలా ఒక ఏడాది గెలిచి ఉండేవారు, తలా ఒక ఏడాది ఓడిపోయి ఉండేవారు.

అందుచేత, తేదీని పట్టుకోవడం కంటే, తేదీ కాస్త తప్పినా పూలు దొరికే పార్కును ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. దాని గురించి రాత్రికి వివరంగా రాస్తాను.

కృష్ణలంక_కుర్రోడు
ఒక్క ఏడాదిలోనే పదిహేను రోజుల తేడా వస్తుందా? మన దగ్గర వేపపూత ఉగాది పచ్చడికి ఏనాడూ ఎగ్గొట్టలేదు కదా!

లాం_రైతుబిడ్డ
కృష్ణలంక తమ్ముడూ, వేపపూత కూడా ముందూ వెనుకా అవుతుంది. దాని పూత చాలా రోజులు సాగుతుంది కనుక పచ్చడికి ఎలాగో అందుతుంది. చెర్రీ సంగతి వేరు. టోక్యోలో ఎక్కువగా కనిపించేది సోమెయ్ యోషినో అనే రకం. దానిని గింజతో పెంచరు, కొమ్మ అంటుకట్టి పెంచుతారు. కనుక ఆ రకం చెట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టుకు ప్రతిరూపాలు. ఒక ప్రాంతంలో వాతావరణం ఒకేలా ఉంటే అన్నీ దాదాపు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలుస్తాయి. కన్నుల పండుగగా ఉండడానికి కారణం అదే, తేదీ తప్పితే ఏమీ మిగలకపోవడానికీ కారణం అదే. నిండుపూత తరువాత వారం రోజులు నిలిస్తే గొప్ప. మధ్యలో గట్టి వానో గాలో వస్తే అంతకూడా నిలవదు.

తేదీని అంచనా వేయడానికి అక్కడి జనం వాడే ఒక మోటు లెక్క ఉంది. ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజూ గరిష్ఠ ఉష్ణోగ్రతను కూడుకుంటూ పోతే, ఆ మొత్తం 600 డిగ్రీలకు చేరిన రోజుకు అటూ ఇటూగా టోక్యోలో పూత మొదలవుతుంది. రామం గారు ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేసుకోవచ్చు. మార్చి మొదటి వారానికే సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

బ్రాడీపేట_రామం
ఈ లెక్క నాకు చాలా నచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పద్దులు రాసినవాడిని, ఫిబ్రవరి 1 నుంచి కొత్త ఖాతా తెరుస్తాను. అయితే మార్చిలో సంగతి తెలిసే నాటికి టికెట్ల ధర ఎంతకు పోతుందోనన్న బెంగ ఉంది.

పటమట_మాస్టారు
పెద్దవాడిని కనుక మొహమాటం లేకుండా ఒక మాట చెబుతాను. లక్షలు పోసి, సముద్రాలు దాటి, పూస్తాయో లేదో తెలియని పూల కోసం వెళ్ళడం నాకు సబబుగా తోచడం లేదు. ఫాల్గుణ మాసంలో మోదుగ చెట్టు ఒక్క ఆకు లేకుండా నిలువునా ఎర్రగా పూస్తుంది. ఎండలు ముదిరే వేళకు రేల చెట్టు పసుపుపచ్చని గుత్తులు వేలాడదీస్తుంది, ఆ తరువాత తురాయి పూస్తుంది. మన బెజవాడలో, గుంటూరులో ఎంతమంది ఆ చెట్ల కింద పది నిమిషాలు నిలబడి చూశారు? విస్తరాకు కుట్టుకోవడానికి మోదుగ కావలసి వచ్చింది గానీ, దాని పువ్వు చూడటానికి ఏ ఊరివారూ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళలేదు. ముందు అది చేసి, ఆ తరువాత జపాన్ మాట ఆలోచించవచ్చు.

టోక్యోలో_తెనాలమ్మాయి
మాస్టారూ, మోదుగ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ రామం గారు వెళుతున్నది కూతురి దగ్గరకు. పూలు లేకపోయినా వెళ్ళవలసిన ప్రయాణమే అది. ఎలాగూ వెళ్ళేటప్పుడు పూలు చూసి రావడంలో తప్పేముంది?

ఇక పార్కుల సంగతి. అందరూ ముందు చెప్పేది ఉఎనో పార్కు. 1873లో ప్రజల కోసం పార్కుగా మార్చిన చోటు. ప్రవేశ రుసుము లేదు, రైలు దిగితే ఎదురుగానే ఉంటుంది, నడిచే దారికి రెండు పక్కలా చెట్లు ఆకాశం కనబడనంతగా పూస్తాయి. కానీ నిండుపూత రోజుల్లో అక్కడ మన పుష్కర ఘాట్ దగ్గర ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆఫీసుల వారు పొద్దున్నే నీలం పట్టాలు పరిచి చోటు పట్టుకుంటారు, సాయంత్రానికి మద్యం కూడా నడుస్తుంది. మీ ఆవిడగారి మోకాళ్ళకు అది తగదు.

షింజుకు గ్యోఎన్‌కు వెళ్ళండి. ఒకప్పుడు రాజకుటుంబం వారి ఉద్యానం, 1949లో ప్రజలకు తెరిచారు. పెద్దలకు రుసుము 500 యెన్‌లు, 65 ఏళ్ళు దాటినవారికి అందులో సగం, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. లోపలికి మద్యం తీసుకువెళ్ళనివ్వరు, అందుచేత వాతావరణం ప్రశాంతంగా ఉంటుంది. విశాలమైన పచ్చిక మైదానాలు, చెట్ల కింద బల్లలు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అక్కడ సోమెయ్ యోషినో ఒక్కటే కాదు, పదుల రకాల చెర్రీ చెట్లున్నాయి. కొన్ని ఫిబ్రవరిలోనే పూస్తాయి, కొమ్మలు కిందికి వాలే రకం యోషినో కంటే కాస్త ముందు పూస్తుంది, కన్‌జాన్ వంటి ముద్దపూల రకాలు ఏప్రిల్ మూడు, నాలుగు వారాల దాకా ఉంటాయి. మీరు మార్చి 20కి వచ్చినా, ఏప్రిల్ 10కి వచ్చినా ఏదో ఒక మూల ఏదో ఒక చెట్టు పూసే ఉంటుంది.

వర్జీనియా_వియ్యంకుడు
మా పిల్లలు ఉండేది వాషింగ్టన్ పక్కనే కనుక అక్కడి సంగతి చెబుతాను. టైడల్ బేసిన్ అనే నీటి మడుగు చుట్టూ చెర్రీ చెట్లే. వాటి వెనుక ఉన్న కథ తెలిశాక నాకు ఆ చెట్ల మీద గౌరవం పెరిగింది. 1910లో జపాన్ నుంచి రెండు వేల మొక్కలు వచ్చాయి, వాటిలో పురుగులూ తెగుళ్ళూ ఉన్నాయని తేలడంతో అన్నిటినీ కాల్చివేయవలసి వచ్చింది. బహుమతిగా పంపినవాటిని తగలబెడితే పంపినవారికి ఎంత కష్టంగా ఉంటుందో ఊహించుకోండి. అయినా టోక్యో మేయరు యుకియో ఒజాకి హయాంలో ఈసారి 3,020 మొక్కలు పంపించారు. 1912 మార్చి 27న అధ్యక్షుని భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య కలిసి మొదటి రెండు మొక్కలు నాటారు. ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఆ మడుగు ఒడ్డున చెర్రీ చెట్లు నాటాలని అధికారుల చుట్టూ తిరిగారు.

అమెరికాలో పిల్లలున్నవారు టోక్యో దాకా వెళ్ళనక్కరలేదు. అక్కడి పార్కుల శాఖ 70 శాతం పూలు విచ్చుకున్న రోజును నిండుపూతగా లెక్కిస్తుంది. సాధారణంగా అది మార్చి చివరి రోజులకూ ఏప్రిల్ మొదటి రోజులకూ మధ్య వస్తుంది.

బ్రాడీపేట_రామం
వియ్యంకుడు గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఒకసారి కాలిపోయాక మళ్ళీ పంపడం సామాన్యమైన సహృదయత కాదు. కానీ మా అమ్మాయి ఉన్నది టోక్యోలో కనుక మాకు దారి అటే.

నరసరావుపేట_నాగమణి
ఇంత దూరం ఎందుకు, మొక్క తెచ్చి ఇంట్లోనే పెంచుకోవచ్చని ఎవరైనా అనుకుంటే దయచేసి ఆగండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర జపాన్ చెర్రీ మొక్క అని చెప్పినది కొన్నాను. బొమ్మలో గులాబీ రంగు పూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మా పెరట్లో అది ఏపుగా పెరిగి, చిన్న చిన్న తెల్లపూలు పూసి, ఎర్రని తియ్యటి కాయలు కాసింది. పక్కింటి పిల్లలు చూడగానే అది సింగపూర్ చెర్రీ అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే వారు సమాధానమే ఇవ్వలేదు. కాయలు మాత్రం పిట్టలకూ పిల్లలకూ పనికి వస్తున్నాయి, అందుకని చెట్టును కొట్టించలేదు.

లాం_రైతుబిడ్డ
నాగమణి గారూ, కాయలు తింటున్న పిట్టల కోసమైనా ఆ చెట్టును ఉంచండి, మంచి చెట్టే అది. దాన్ని మనవాళ్ళు నక్కరేగు అని కూడా అంటారు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది, అసలు చెర్రీకి దానికీ చుట్టరికమే లేదు.

అసలు చెర్రీ మొక్కే పంపించి ఉన్నా మన దగ్గర పూసేది కాదు. ఆ జాతి చెట్లు ఆకురాలు కాలంలో నిద్రలోకి వెళతాయి. మొగ్గ ఆ నిద్ర నుంచి లేవాలంటే ముందు వారాల తరబడి గట్టి చలి తగలాలి, ఆ తరువాతే ఎండ వేడికి విచ్చుకోవాలి. చలి సరిపడా తగలకపోతే మొగ్గకు మేలుకొనే వేళ తెలియదు, పూత రాదు, వచ్చినా అక్కడొకటి ఇక్కడొకటి వస్తుంది. బెజవాడలో జనవరి రాత్రి మనం దుప్పటి కప్పుకునే చలి ఆ చెట్టుకు చలి కిందే లెక్క కాదు. పైగా మే నెలలో మన 40 డిగ్రీలు దాటే ఎండకు లేత మొక్క మాడిపోతుంది. నర్సరీలకు వెళ్ళినప్పుడు చెర్రీ అని ఎవరైనా అమ్మజూపితే, మన ఊరి ఎండలో పెరిగి పూసిన చెట్టును కళ్ళారా చూపించమని అడగండి.

బెజవాడ_సైకిలు
మరి బెంగళూరులో లాల్‌బాగ్ దగ్గరా, కబ్బన్ పార్కు దగ్గరా గులాబీ రంగులో పూసేవి చెర్రీలు కావా? ప్రతి ఏడూ ఫొటోలు వస్తూనే ఉన్నాయి, మన చెర్రీ పండుగ అని రాస్తున్నారు కూడా. బెంగళూరులో పూసినప్పుడు మన దగ్గర ఎందుకు పూయదు?

లాం_రైతుబిడ్డ
అవి టబెబుయా చెట్లు తమ్ముడూ. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాలవి. చెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన చెట్టు, టబెబుయా మన ఆకాశమల్లె కుటుంబానిది. టబెబుయా అందంలో చెర్రీకి తీసిపోదు, దానికి చలి కూడా అక్కరలేదు. దానిని దాని పేరుతోనే మెచ్చుకుంటే బాగుంటుందన్నది నా బాధ.

గన్నవరం_విశ్రాంత_బ్యాంకు
మన దేశంలో అసలు చెర్రీ చూడాలనుకునేవారికి షిల్లాంగ్ ఉంది. ఉద్యోగంలో ఉండగా నన్ను అక్కడికి బదిలీ చేశారు. హిమాలయ ప్రాంతపు అడవి చెర్రీ అక్కడ నవంబరులో పూస్తుంది, వసంతంలో కాదు. ఊరి మధ్యలోని వార్డ్స్ లేక్ చుట్టూ నడుస్తుంటే లేత గులాబీ రంగు కొమ్మలు నీటి మీదికి వంగి ఉంటాయి. 2016 నుంచి నవంబరులో అక్కడ చెర్రీ పూల ఉత్సవం కూడా జరుపుతున్నారు. గౌహతి దాకా రైలులో వెళ్ళి, అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లు రోడ్డు మార్గంలో వెళ్ళాలి. వీసా బాధ లేదు. టోక్యో ఖర్చు భరించలేనివారికి నేను గట్టిగా చెప్పేది ఇదే.

సత్యనారాయణపురం_శాస్త్రి
గన్నవరం వారు చెప్పినట్టు అది కార్తీక మాసం రోజుల్లో పూస్తే, మనవారు ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసే రోజులే అవి కూడా. చెట్టు కింద చాప వేసుకుని, ఇంట్లో వండిన పదార్థాలు తెచ్చుకుని, బంధువులందరూ కలిసి తినడం జపాన్ వారికి చెర్రీ దగ్గర ఎంత ప్రీతో మనకు ఉసిరి దగ్గర అంత ప్రీతి. రామం గారి దంపతులకు అక్కడ కొత్తగా ఏమీ అనిపించదు, పులిహోర పట్టుకుని వెళ్ళడమే తరువాయి.

పటమట_మాస్టారు
శాస్త్రి గారూ, పోలిక బాగుంది కానీ ఒక తేడా ఉంది. మనం ఉసిరి దగ్గరకు వెళ్ళేది పూజకు, పుణ్యానికి. వనభోజనం అయ్యాక ఆ చెట్టు కింద మనం వదిలి వచ్చే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు చూశారా? చెట్టుకు ప్రదక్షిణ చేసి, దాని మొదట్లోనే చెత్త పోసి వస్తున్నాం. జపాన్ వారు ఆ విషయంలో ఏమి చేస్తారో తెలుసుకోవాలని ఉంది.

టోక్యోలో_తెనాలమ్మాయి
మాస్టారూ, ఇక్కడ ఎవరి చెత్త వారు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకువెళతారు. వీధుల్లో చెత్తకుండీలే చాలా తక్కువ. కొమ్మ వంచి ఫొటో తీసుకోవడం, పూలు కోసి తలలో పెట్టుకోవడం అసలు పనికిరాదు. చెర్రీ కొమ్మ విరిగిన చోట నుంచి కుళ్ళు పట్టి చెట్టు దెబ్బతింటుంది. వేళ్ళు నేలకు పైపైనే ఉంటాయి కనుక మొదలు దగ్గర తొక్కకుండా కాస్త ఎడంగా కూర్చోవాలి. మా అత్తగారు వచ్చినప్పుడు ఒక చిన్న పువ్వు కోసుకుంటానని ముచ్చటపడితే, రాలిన పూలు ఏరి ఇచ్చాను. పిచ్చుకలు మకరందం కోసం పువ్వును తొడిమతో సహా తుంచి పడేస్తాయి, అందువల్ల చెట్టు కింద చెక్కుచెదరని పూలు దొరుకుతాయి.

భోజనం విషయంలో శాస్త్రి గారి మాటే నాదీ. పులిహోర, దద్దోజనం ఇంట్లో కలిపి తీసుకువెళ్ళండి. దుకాణాల్లో అమ్మే వాటిలో కూరగాయలు మాత్రమే కనిపించినా, వాటిని ఉడికించిన చారులో తరచు చేప ఉంటుంది.

మంగళగిరి_మగ్గం
మార్చి చివర అని అంటున్నారు, అక్కడ చలి ఎలా ఉంటుంది? రామం గారి ఆవిడగారు మా మంగళగిరి చీర కట్టుకుని ఆ చెట్ల కింద ఫొటో దిగాలని నా కోరిక. నేత చీరకు ఆ లేత రంగు నేపథ్యం ఎంతో బాగా అమరుతుంది.

టోక్యోలో_తెనాలమ్మాయి
చీర తప్పక కట్టుకోవచ్చు, కానీ లోపల ఉన్ని దుస్తులు వేసుకుని పైన శాలువా కప్పుకోవాలి. మధ్యాహ్నం 15 డిగ్రీల దాకా ఉంటుంది, పొద్దునా సాయంత్రమూ ఐదారు డిగ్రీలకు దిగుతుంది. గుంటూరు నుంచి వచ్చేవారికి అది పెద్ద చలే. కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు తప్పనిసరి.

కృష్ణలంక_కుర్రోడు
మంగళగిరి అన్నయ్యా, నిండుపూత రంగుకు ముదురు ఆకుపచ్చ చీర పంపు. గులాబీ రంగు పంపితే ఫొటోలో అత్తయ్యగారు ఎక్కడున్నారో మామయ్యగారు వెతుక్కోవలసి వస్తుంది!

బ్రాడీపేట_రామం
మా ఆవిడ ఈ చర్చ అంతా నా పక్కన కూర్చుని చదివింది. ముదురు ఆకుపచ్చకే ఓటు వేసింది.

అందరి మాటలూ చదివాక మేము ఒక నిర్ణయానికి వచ్చాం. మార్చి 28కి చేరుకునేలా, ఏప్రిల్ 5 తరువాత తిరిగి వచ్చేలా, తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు తీసుకుంటున్నాం. వాటికి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది కానీ 600 డిగ్రీల లెక్క ముందుకో వెనక్కో జరిగితే మేమూ జరగవచ్చు. అమ్మాయి సెలవును వారమంతా ఒకేసారి కాకుండా విడి రోజులుగా తీసుకుంటానంది. షింజుకు గ్యోఎన్ మా ప్రధాన మజిలీ. ఉఎనో పార్కును పొద్దున్నే, జనం రాకముందు ఒకసారి చూసి వస్తాం.

మాస్టారూ, మీ మాట కూడా నా మనసులో ఉంది. మోదుగ పూసే రోజుల్లో మేము ఇక్కడే ఉంటాం. గుంటూరు చుట్టుపక్కల ఎక్కడ చూడవచ్చో చెబితే ఆ ప్రయాణం ముందు చేస్తాం.

పటమట_మాస్టారు
మీ మోకాళ్ళకూ, ఆవిడగారి మోకాళ్ళకూ కొండలెక్కే పని పెట్టను. పొలాల వైపు కారులో వెళ్ళి, గట్ల మీద గిరిపుష్పం ఎక్కడ ఉందో చూడండి. మోదుగ సంగతి తరువాత చూద్దాం. పచ్చిరొట్ట ఎరువు కోసం రైతులు గట్ల మీద నాటే చెట్టే ఈ గిరిపుష్పం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులన్నీ రాల్చి, కొమ్మ పొడవునా లేత గులాబీ, ఊదా కలిసిన రంగులో పూస్తుంది. మీరు జపాన్‌లో చూడబోయే చెట్టుకు రూపంలో మన నేల మీద దగ్గరగా వచ్చేది అదేనని నేను అనుకుంటాను.

లాం_రైతుబిడ్డ
మాస్టారు మంచి చెట్టును గుర్తుచేశారు. అది కూడా మధ్య అమెరికా నుంచి వచ్చినదే, కానీ మన పొలాల్లో బాగా కుదురుకుంది. ఎరువు కోసం తరచు కొమ్మలు నరికే గట్ల మీద పూత కనిపించదు, కొన్నాళ్ళుగా నరకకుండా వదిలేసిన చెట్లనే వెతకాలి. దాని గింజలూ బెరడూ విషం కనుక పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. ఫిబ్రవరి రెండో వారంలో మా వైపు ఎక్కడ పూసిందో చూసి ఇక్కడే రాస్తాను.

టోక్యోలో_తెనాలమ్మాయి
రామం గారూ, ఒక్క విషయం మరిచిపోయాను. నిండుపూత సమయంలో వచ్చే కొన్ని శని, ఆదివారాల్లో షింజుకు గ్యోఎన్‌కు ముందుగా ఆన్‌లైన్‌లో సమయం నమోదు చేసుకున్నవారినే లోపలికి పంపుతున్నారు. ఆ తేదీలను ఏ ఏటికాయేడు ప్రకటిస్తారు. మామూలుగా సోమవారం సెలవు, పూల రోజుల్లో మాత్రం సోమవారం కూడా తెరుస్తారు. మీ అమ్మాయి పనిరోజున సెలవు పెట్టగలిగితే నమోదు బాధ ఉండదు, తొమ్మిది గంటలకు తలుపులు తీయగానే వెళితే బల్ల దొరుకుతుంది.

బ్రాడీపేట_రామం
అమ్మాయికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. ఏప్రిల్ 1, 2 తేదీలకు సెలవు అడుగుతానంది. లాం తమ్ముడూ, గిరిపుష్పం కబురు కోసం ఎదురు చూస్తుంటాను.